మిల్లులో మందుల పెట్టె

తుంగభద్ర ఆయకట్టు కింద గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాల క్యాంపుల్లో ఉన్న మనవాళ్లకు రైసు మిల్లును పరిచయం చెయ్యక్కర్లేదు. నేనూ కొన్నాళ్లు ఒక మిల్లులో పద్దులు రాశాను.

ఒక మధ్యాహ్నం ఓ కుర్రవాడి చెయ్యి బెల్టుకు తగిలి, మణికట్టు దగ్గర చీరుకుపోయింది. మందుల పెట్టె గోడకే ఉంది. దానికి తాళం. చెవి భోజనానికెళ్లిన మేస్త్రీ జేబులో. పగలగొట్టి చూస్తే అగరుబత్తి కట్ట, రెండు బిల్లు పుస్తకాలు, ఎండిపోయిన టింక్చరు సీసా! చివరికి ఎవరిదో తువ్వాలు అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. చెయ్యి దక్కింది గాని, ఒక వేలు ఇప్పటికీ వంగదు. ఆ పెట్టెను నెలనెలా తనిఖీ చేసినట్టు రిజిస్టరులో సంతకాలున్నాయి. వాటిలో కొన్ని నావే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లోనే, 150 మంది పనివాళ్లకు ఒక పెట్టె చొప్పున ఉండాలనీ, నిర్ణయించిన సామాను తప్ప అందులో మరేదీ పెట్టకూడదనీ, ప్రథమ చికిత్స నేర్చిన మనిషి పనివేళల్లో అందుబాటులో ఉండాలనీ రాశారు. అగరుబత్తి సంగతి వాళ్లకు ముందే తెలిసినట్టుంది!

తనిఖీ అంటే తలుపు తెరవాలి. దూది, కట్టుగుడ్డ పొడిగా, సీలుతో ఉన్నాయా, మందుల గడువు తేదీ దాటిందా, నిన్న వాడినదాని బదులు కొత్తది పెట్టారా అని చూడాలి. తాళం వద్దు. బెల్టు మీద జాలీ రిపేరుకని తీస్తారు, మళ్లీ బిగించరు; అదీ చూడాలి.

మంటలార్పే సిలిండరు మీద ఊక దుమ్ము తుడిచి చూడండి. పొడి మందు సిలిండరు ముల్లు పచ్చగీత మీద ఉండాలి, పిన్ను, సీలు కదలకూడదు. కార్బన్ డయాక్సైడు సిలిండరుకు సాధారణంగా ముల్లుండదు, తూకం వెయ్యాల్సిందే. కాటా లేని మిల్లుంటుందా? దాని ముందు బస్తాలు మాత్రం పేర్చకండి.

ఇంకొకటి మన సరిహద్దు బాధ. సిలిండరు మీద రాత ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. వాడే విధానం తెలుగులోనూ కన్నడంలోనూ రాసి పక్కన అంటించండి. రాత్రి షిఫ్టులో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు 108కి ఫోన్ చేస్తే, ఎక్కడని కన్నడంలో అడుగుతారు. మిల్లు పేరు, క్యాంపు పేరు, దగ్గరి కాలువ వంతెన, తాలూకా కన్నడంలో, అదే పలుకు తెలుగు లిపిలో రాసిన పలక ఫోను దగ్గర వేలాడదీయండి. పండక్కి సున్నాలు వేసినప్పుడు తీసిన పలక తిరిగి ఎక్కిందో లేదో కూడా చూసుకోండి.