పాల బండికి ఏ గేరు?

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బండి కొనదలచిన సంఘాల నుంచి మా విభాగానికి వచ్చే ప్రశ్నలు ఈమధ్య మారాయి. ఇదివరకు మైలేజి ఎంత, క్యాన్లు ఎన్ని పడతాయి అని అడిగేవారు. ఇప్పుడు క్లచ్ ఉన్నది కొనమంటారా, లేనిది కొనమంటారా అని అడుగుతున్నారు. పట్నంలో అబ్బాయి కారు నడిపి చూసినవారు ఒక పక్షం, పాత డ్రైవరు మాట విన్నవారు ఒక పక్షం అయి, కార్యవర్గ సమావేశాల్లో గట్టిగానే వాదించుకుంటున్నారు. అందుచేత ఈ పూట ఈ ఒక్క విషయమే తీసుకున్నాము.

ముందు బరువు లెక్క చూద్దాం. లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువ, సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు. క్యాను బరువు కూడా కలిపితే 50 కిలోలకు చేరువ. ఇరవై క్యాన్లు ఎక్కితే టన్ను. ఈ టన్నును ఊరూరా ఆపుతూ, మళ్లీ కదిలిస్తూ తీసుకురావాలి. పితికిన రెండు మూడు గంటల్లో పాలు కూలరులో పడి 4 డిగ్రీలకు చల్లబడాలి. చైత్ర వైశాఖాల్లో బండి దారిలో గంటసేపు నిలిచిందంటే, కేంద్రంలో కాచి చూసే పరీక్షకు ఆ పాలు నిలవకపోవచ్చు. అప్పుడు పోయేది బండి బాడుగ కాదు, ఆ రూటులో పాలు పోసిన అన్ని ఇళ్ల ఆ పూట డబ్బు. వారిలో ఒక్క గేదె మీద సంసారం లాగుతున్నవారు ఉంటారు. వారు ఈ బండి ఎంపికలో చెయ్యి వేయలేదు, మీరే వేశారు. అందుకే బండి నిలిచిపోతే తిరిగి ఎంతసేపటికి కదులుతుంది అన్నదాన్ని మేము అన్నిటికంటే ముందు చూస్తాము. డ్రైవరు కాలికి సుఖం ఆ తరువాతి మాట. అది కూడా మాటే, దాన్ని కొట్టిపారేయము.

గేరు పని ఏమిటో పిండి మర చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మోటారుకు చిన్న చక్రం, మరకు పెద్ద చక్రం పెట్టి బెల్టు వేస్తే మర నెమ్మదిగా తిరుగుతుంది గాని బలంగా తిరుగుతుంది. బండి మొదటి గేరులో జరిగేది ఇదే. చిన్న ట్రక్కుల్లో మొదటి గేరు, వెనుక ఇరుసులోని పళ్ల చక్రాలు రెండూ కలిసి, ఇంజను సుమారు 16 నుంచి 20 చుట్లు తిరిగితే బండి చక్రం ఒక్క చుట్టు తిరిగేట్టు చేస్తాయి. టన్ను బరువు నిలిచినచోటు నుంచి కదిలేది ఆ బలంతోనే. ఇక క్లచ్ అంటే ఇంజనుకూ గేరు పెట్టెకూ మధ్య ఉన్న తలుపు. తిరుగుతున్న ఇంజనుకు నిలిచి ఉన్న చక్రాన్ని ఒక్కసారిగా కలిపితే ఇంజను ఆగిపోతుంది. కాబట్టి కొంతసేపు రాసుకుంటూ కలవాలి. ఆ రాపిడిలోనే క్లచ్ పలక అరుగుతుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. క్లచ్ అరిగేది బండి పరుగెత్తేటప్పుడు కాదు, కదిలేటప్పుడు. హైవే మీద రోజంతా పోయే లారీ కంటే పద్నాలుగు ఊళ్లలో ఆగే పాల బండికి క్లచ్ కష్టం ఎక్కువ. పూటకు పద్నాలుగు, రెండు పూటలకు ఇరవై ఎనిమిది సార్లు అది బరువుతో కదలాలి. దారిలో గేదెలకూ, బడి పిల్లలకూ, ఎదురొచ్చే ట్రాక్టరుకూ ఆగేవి దీనికి అదనం. షోరూములో ఖాళీ బండిని తారు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూపిస్తే ఇదంతా తెలియదు.

ఇప్పుడు రకాలు చూద్దాం. మన రూట్లలో తిరిగే చిన్న ట్రక్కులు, 2005లో వచ్చిన టాటా ఏస్ మొదలుకొని బొలేరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వరకు, ఎక్కువ భాగం క్లచ్ నొక్కి చేత్తో గేరు మార్చేవే. దీన్ని మేము సమర్థించేది పాతది కాబట్టి కాదు. ఇది చెడిపోయే ముందు చెబుతుంది. క్లచ్ జారడం మొదలైతే ఇంజను అరుస్తుంది గాని బండి ఆ మేరకు లాగదు, మెరక ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. పెడలు నొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే బేరింగు పోతున్నదని అర్థం. ఈ గుర్తులు తెలిసిన డ్రైవరు మరమ్మతును ముందుగానే పెట్టుకోగలడు. పలక, ప్రెషర్ ప్లేటు, బేరింగు మండల కేంద్రంలో దొరుకుతాయి, వాటిని మార్చగల మేస్త్రీ కూడా అక్కడే ఉంటాడు. ఉదయం పాలు దింపి షెడ్డుకు పంపితే, సామాను ముందే తెచ్చి పెట్టుకున్న పక్షంలో, సాయంత్రం పూటకు బండి సిద్ధమయ్యే అవకాశం ఉంది. బ్యాటరీ బొత్తిగా చావకుండా కాస్త ప్రాణం ఉంటే నలుగురు కలిసి తోసినా స్టార్టు అవుతుంది.

రెండో రకం పేరుకు ఆటోమేటిక్ గాని, లోపల పాతదే. కార్లలో ఏ.ఎం.టి. అని, ఆటో గేర్ షిఫ్ట్ అని అమ్ముతున్నది ఇదే. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఇది సామాన్యులకు అందింది. ఇందులో అదే క్లచ్ పలక, అదే గేరు పెట్టె ఉంటాయి. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న యంత్రం, దానికి ఆజ్ఞ ఇచ్చే కంప్యూటరు చేస్తాయి. ధర క్లచ్ కారు కంటే సుమారు అర లక్ష ఎక్కువ. మైలేజి దాదాపు సమానమే. గేరు మారేటప్పుడు తల ఊగినట్టు చిన్న కుదుపు ఉంటుంది, అలవాటైతే తెలియదు. "క్లచ్ లేదు కాబట్టి క్లచ్ ఖర్చు లేదు" అని కొందరు అమ్మకందారులు చెప్పే మాట మాత్రం నమ్మకండి. పోయింది పెడలే, పలక లోపలే ఉంది. మెరక మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరు తొక్కుతూ బండిని నిలబెడితే ఆ పలక మామూలు క్లచ్ లాగే మాడిపోతుంది. పైగా గేరు మార్చే ఆ యంత్రం మొరాయిస్తే మేస్త్రీ రెంచి చాలదు, కంపెనీ కంప్యూటరు తగిలించి చూడాలి. అది జిల్లా కేంద్రంలో ఉంటుంది. దీన్ని తోసి స్టార్టు చేయడం కూడా కుదరదు.

మూడోది అసలైన ఆటోమేటిక్. క్లచ్ పలక స్థానంలో నూనె పనిచేస్తుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది గదా, అలా ఒక పక్క రెక్కలు నూనెను తోస్తే రెండో పక్క రెక్కలు తిరుగుతాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో నూనెతో పనిచేసే ఆటోమేటిక్ గేరు పెట్టారు. ఇవాళ్టివి ఆ దారిలో చాలా దూరం వచ్చాయి. నిజం చెప్పాలంటే బరువుతో నిలిచినచోటు నుంచి కదలడంలో దీనికి వంక పెట్టలేము. రాపిడితో అరిగే పలక లేదు, కదిలే క్షణంలో బలాన్ని పెంచి ఇస్తుంది కూడా. మరి ఎందుకు వద్దంటున్నామంటే, మొదటిది, మన పని చేసే తరగతి ట్రక్కుల్లో ఇది దొరకడం అరుదు. ఇసుజు వి-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ వంటి ఖరీదైన పికప్పుల్లో ఉంది గాని, అవి పాల క్యాన్ల కోసం పుట్టినవి కావు. రెండోది, పెట్టె చెడితే ఖర్చు సంఘం మోయగలిగింది కాదు. ఇంకొక ఇబ్బంది, దారిలో నిలిస్తే ఇంజను తిప్పే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాక్కురాకూడదు. ఇంజను ఆగితే లోపల నూనె తిప్పే పంపు ఆగుతుంది, నూనె అందని పళ్ల చక్రాలు దెబ్బతింటాయి. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగే మన అలవాటు దీనికి పనికిరాదు.

బెల్టు గేరు మీ అందరి ఇళ్లలోనూ ఉంది. యాక్టివా వంటి గేరు లేని స్కూటర్లలో రెండు చక్రాల మధ్య బెల్టు పైకీ కిందికీ జరుగుతూ వేగం మారుస్తుంది. కార్లలో సి.వి.టి. అనేది దాని అన్నగారు. కుదుపు లేకుండా మెత్తగా పోతుంది, పట్నం కారుకు బాగుంటుంది. రెండు క్లచ్‌ల పెట్టె అని మరొకటి ఉంది. చురుకైనదే గాని ధర, మరమ్మతు రెండూ ఎక్కువ. ఈ రెండింటితో పాల బండికి పని లేదు.

ఘాటు రోడ్ల సంగతి విడిగా చెప్పాలి. పాడేరు వైపు సంఘాలవారికి ఇది ప్రాణాల మీది మాట. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలన్నది పాత సూత్రం, ఇప్పటికీ చెల్లుతుంది. కింది గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులకు విశ్రాంతి దొరుకుతుంది. డీజిలు ఆదా అని న్యూట్రలులో దించేవారు ఇంకా ఉన్నారు. ఇంజను ఆపి దించేవారు కూడా ఉన్నారు. బ్రేకులు వేడెక్కితే పట్టు పోతుంది, ఇంజను ఆగితే బ్రేకు పెడలుకు సాయం పోతుంది. వెనుక టన్ను పాలు ఉన్నాయి. ఇలా దించే డ్రైవరును మందలించి వదిలేయవద్దు, బండి తాళం తీసుకోండి. ఏ.ఎం.టి. బండి అయితే చేత్తో గేరు ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది, దిగేటప్పుడు దానిలో పెట్టుకోవాలి. మెరక మీద ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా పట్టి ఉంచే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది, కొన్నింటిలో లేదు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

గోదావరి జిల్లాల కాలువ గట్ల మీద ఈ బాధ లేదు. అక్కడ రూటు సమతలం, దూరం తక్కువ. అటువంటి సంఘాలవారు కరెంటు బండి గురించి ఆలోచించవచ్చునని మా అభిప్రాయం. టాటా ఏస్‌లో 2022లో కరెంటు రకం వచ్చింది. దానికి క్లచ్ లేదు, మార్చే గేర్లు లేవు. కరెంటు మోటారు నిలిచినచోటు నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి పద్నాలుగు సార్లు ఆగినా అరిగే పలక లేదు. పాల పనికి ఇంకొక అనుకూలం ఉంది. ఉదయం పూటకూ సాయంత్రం పూటకూ మధ్య బండి ఎలాగూ ఖాళీ, కూలరు ఉన్నచోట త్రీఫేజు కరెంటు ఎలాగూ ఉంటుంది. అయితే కాగితం మీద రాసిన దూరాన్ని నమ్మి రూటు వేయకండి. నిండు బరువుతో, మీ రోడ్డు మీద, ఎండాకాలంలో ఎంత వస్తుందో తిప్పి చూపించమనండి. బ్యాటరీకి ఎన్నేళ్ల హామీ ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. ఘాటు పైన నిండా చార్జి చేసి దిగడం మొదలుపెడితే మోటారు బండిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది, ఎందుకంటే నిండిన బ్యాటరీకి ఆ కరెంటును దాచుకునే చోటు ఉండదు. కొండ ప్రాంతాలవారు ఇది గుర్తుంచుకోవాలి.

సొంతానికి కారు కొనుక్కునే సభ్యులకు మా సలహా వేరు. ఆసుపత్రికీ, పెళ్లిళ్లకూ, పట్నంలో పిల్లల దగ్గరికీ తిరిగే కారుకు ఏ.ఎం.టి. మంచి బేరమే. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి మరీను. ఆటోమేటిక్ ఆడవాళ్ల బండి అని ఎకసెక్కాలాడేవారు ట్రాఫిక్కులో రెండు గంటలు క్లచ్ తొక్కి చూస్తే సరిపోతుంది. మహిళా సంఘాలలో నిండు క్యాన్ల బండిని క్లచ్ గేరుతోనే నడిపే చెల్లెళ్లు ఉన్నారు.

మళ్లీ పాల బండికి వద్దాం. ఏ రకం కొన్నా డ్రైవరు ఎడమ కాలు దాని ఆయుష్షు నిర్ణయిస్తుంది. ఒక సంఘంలో కొత్త బండి ఏడాది తిరగకుండా రెండు క్లచ్ పలకలు తిన్నది. కంపెనీ లోపమని కార్యవర్గం తీర్మానం కూడా రాసింది. మావాళ్లు ఒక పూట బండిలో కూర్చుని వెళ్లి చూస్తే, డ్రైవరు దారి పొడవునా కాలు పెడలు మీదే ఆనించి ఉంచుతున్నాడు. రోడ్డు మెరక మీద ఉన్న కేంద్రం దగ్గర క్యాన్లు ఎక్కిస్తున్నంతసేపూ హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెడుతున్నాడు. పైగా ఆర్.సి. పుస్తకంలో రాసిన బరువు కంటే నాలుగు క్యాన్లు ఎక్కువ. హ్యాండు బ్రేకు వేయడం, గేరు మారిన వెంటనే కాలు తీయడం, రెండో గేరులో కదిలించకపోవడం అలవాటయ్యాక ఆ బండి పలక అడగడం మానింది.

కొనే ముందు కార్యవర్గంలో ఇద్దరు, డ్రైవరు, వీలైతే మీ మేస్త్రీ కలిసి వెళ్లండి. క్యాన్లలో నీళ్లు నింపి, మీ రూటులో అన్నిటికంటే నిటారు మెరక మీద ఆపి, కదిలించి చూడండి. ఖాళీ బండి మాత్రమే చూపిస్తామన్న షోరూము మెట్లు దిగి రండి. కంపెనీ సర్వీసు ఎంత దూరంలో ఉందో, విడిభాగం తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో అడిగి తీర్మానంలో రాయండి. బండి నిలిచిన పూట బాడుగకు వచ్చే మరో బండి ఎవరిదో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి.

భోజనాల తరువాత ఆవరణలో రెండు బండ్లు పెడుతున్నాము. ఒకటి క్లచ్ గేరుది, ఒకటి ఏ.ఎం.టి. కారు. అరిగిన క్లచ్ పలక, కొత్త పలక కూడా బల్ల మీద ఉంటాయి, చేత్తో పట్టుకుని చూడవచ్చు. డ్రైవర్లను వెంట తెచ్చినవారు వారిని ముందు పంపండి. మీ రూటు వివరాలు, ఊళ్ల సంఖ్య, క్యాన్ల సంఖ్య, మెరకలు కాగితం మీద రాసి ఇస్తే దానిని బట్టి విడివిడిగా మాట్లాడదాం.