‘స్పర్శ్’ చిత్రం గురించి రెండు మాటలు



సాయి పరాంజపే తీసిన హిందీ చిత్రం ‘స్పర్శ్’ 1980లో వచ్చింది. అందులో అనిరుద్ధ్ అంధ బాలల పాఠశాలకు ప్రిన్సిపాల్. తనకూ చూపు లేదు. కవిత భర్త పోయాక ఇల్లు కదలని మనిషి. డాక్టరు ఇంటికని బయల్దేరిన అతను ఆమె పాట విని ఆ గుమ్మంలో అడుగు పెడతాడు. తరువాత పిల్లలకు పాటలు నేర్పమని బడికి పిలుస్తాడు.

అతని ఆఫీసులో కాఫీ సన్నివేశం ఒకటుంది, చూసి తీరాలి. ఆమె సాయం చేయబోతుంది, అతనికి కోపం వస్తుంది. తన గదికి వచ్చిన అతిథికి కాఫీ తనే ఇవ్వాలి కదా! మనమూ అంతే. సాయమంటూ చెయ్యి చాస్తాం గాని, ఎదుటివాడు అడిగాడా లేదా చూడం.

పిల్లల మధ్య కవిత మళ్లీ నవ్వడం నేర్చుకుంటుంది. పెళ్ళి కుదురుతుంది. అంతలో అతనికి అనుమానం: ఇది ప్రేమా, త్యాగమా? నిశ్చితార్థం తెంచేస్తాడు. చూపు లేదన్న బాధ కంటే, ఒకరి దయ మీద బతకాలేమోనన్న భయమే అతన్ని ఎక్కువ కాల్చింది. నసీరుద్దీన్ షాకు దీనికే ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతి వచ్చింది. మన హైదరాబాదులో పుట్టిన షబానా ఆజ్మీ ఏమాత్రం తీసిపోలేదని నా అభిప్రాయం.

సంబంధం తెగినా కవిత మాత్రం ఆ బడి మానలేదు.