కోపమునకును కార్యమునకును నడుమ
(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన యుపన్యాసము)



కోపమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. వేదాంతులము అంతకన్న కాము. ఇరువదేండ్లుగా కోర్టులలో వకాలతు చేయుచు, తీరిక దొరికినపుడు ఉద్యమ సేవకుల వెంట గ్రామములు తిరుగువారము. కోపము కాల్చిపోయిన పిమ్మట మిగులు బూడిదను చూచుటయే మా వృత్తి. కాబట్టి మేమెరిగినంత చెప్పెదము.

ఖూనీకేసులో ముద్దాయి మా యెదుట కూర్చుండి తరచుగా చెప్పు మాట యొక్కటే: "అప్పుడు నేనేం చేశానో నాకే తెలియదు బాబూ." ఇది పూర్తిగా అబద్ధము కాదు. కోపము వచ్చినపుడు గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును, కండరములు బిగియును. దేహము పోరాటమునకు సిద్ధపడునే గాని విచారణకు సిద్ధపడదు. ఈ మానవ దౌర్బల్యమును చట్టమును గుర్తించినది. 1860 నాటి శిక్షాస్మృతిలో 300వ సెక్షనునకు మొదటి మినహాయింపుగా నుండిన సూత్రమే, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షను క్రింద నిలిచినది. ఎదుటివాడు తీవ్రముగను, ఆకస్మికముగను రెచ్చగొట్టగా నిగ్రహము కోల్పోయి చంపినచో, అది హత్య యనిపించుకొనక అంతకు తక్కువ నేరమగును. కాని న్యాయస్థానము వెంటనే యొక ప్రశ్న వేయును: నడుమ నెంత కాలము గడచినది?

1959లో బొంబాయిలో నానావతి యను నావికాధికారి, తన భార్య పరపురుషుని ప్రేమించుచున్నదని ఆమె నోటనే వినెను. భార్యాబిడ్డలను సినిమాకడ దింపి, ఓడకు పోయి రివాల్వరు తీసికొని, ఆ పురుషుని యింటికి పోయి కాల్చి చంపెను. నడుమ సుమారు మూడు గంటలు గడచినవి. మనసు కుదుటపడుటకు ఆ వ్యవధి చాలునని, 1961లో సుప్రీముకోర్టు దానిని హత్యగానే నిర్ణయించెను. మొదటి నిప్పురవ్వ మన వశమున లేకపోవచ్చును. దానిపై గంటల తరబడి నూనె పోయువారము మాత్రము మనమే.

పరులకు నీతులు చెప్పుట సులభము. మా సంగతి వినుడు. కొన్నేండ్ల క్రిందట గట్టు తగాదాలో నొక రైతు రాత్రివేళ మా యింటికి వచ్చి, తన తమ్మునికి నోటీసు వ్రాయుమనెను. మూరెడు గట్టు! ఆయన కోపము మాకును అంటుకొనెను. "దొంగ" యనియు, "వంశమునకు మచ్చ" యనియు వ్రాసి, మరునాడే రిజిస్టరు టపాలో పంపితిమి. ఆ మాటలు రైతువి కావు; మావి. తమ్మునికి చదువు రాదు. రచ్చబండ కడ నలుగురి యెదుట వేరొకనిచే చదివించుకొనెను. ఆ సాయంకాలమే పొలములో పార లేచినది. అన్నకు కుడిచేయి పోయినది. తమ్ముడు జైలునకు పోయెను. ఇద్దరి పొలములును ఖర్చుల క్రింద అమ్ముడుపోయినవి. ఆ నోటీసు నకలు నేటికిని మా బల్ల సొరుగులో నున్నది.

ఒక్కరి కోపమే యింత చేసినచో, గుంపు కోపము మాట చెప్పనేల? 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో పోలీసుల కాల్పులకు తమవారు కూలగా, జనము స్టేషనుకు నిప్పుపెట్టెను. ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. గాంధీగారు దేశవ్యాప్తమైన యుద్యమమునే నిలిపివేసిరి. 1923లో 19 మంది ఉరికంబమెక్కిరి. కాల్పులు న్యాయమని మేమనుట లేదు. న్యాయమైన కోపము సైతము ఆ గడియలో తన న్యాయమును తానే పోగొట్టుకొన్నదని మాత్రము చెప్పుచున్నాము.

కోపమే రానివాడు సజ్జనుడని మా మతము కాదు. అన్యాయమును చూచియు ఉడుకని నెత్తురుతో దేశమునకేమి పని? కాని కోపము ఫిర్యాది. దాని ఫిర్యాదును శ్రద్ధగా వినవలెను, తీర్పరి పీఠముపై మాత్రము కూర్చుండబెట్టరాదు.

ఆ యన్నదమ్ముల వ్యాజ్యము పిమ్మట మేమొక నియమము పెట్టుకొంటిమి. కోపముతో వచ్చిన కక్షిదారునకు ముందు మంచినీళ్ళిత్తుము. చెప్పినదంతయు విని వ్రాసికొందుము. నోటీసు మాత్రము మూడవనాడు రమ్మని, అప్పుడే వ్రాయుదుము. మూడవనాడు అనేకులు మరల రారు. మా ఫీజు పోవును. పోనిండు.