దగ్గు, కషాయం, తెమడ డబ్బా



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇందాకే విన్నాం. మమ్మల్ని ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. వేరే ఎక్కడి సంగతో కాకుండా మా సంఘంలో జరిగిందే చెప్తాం.

మా సంఘంలో ఒక అక్కకి కాఫీ పళ్లు ఏరే రోజుల్లో పొడి దగ్గు మొదలైంది. చలికి వచ్చిందిలే అనుకున్నాం. ఒకరం మిరియాలు నూరి తేనెలో కలిపి ఇచ్చాం. ఒకరం అడ్డసరం ఆకు కాచి తాగించాం. ఇంకొకరం కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమన్నాం. నెలన్నర ఇలాగే గడిచింది. మనిషి చిక్కిపోయింది, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. అప్పుడు గాని మేం ఆశా కార్యకర్తకు చెప్పలేదు. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మందు ఇచ్చింది ప్రేమతోనే, కానీ ఆలస్యం చేసింది కూడా మేమే. ఆ అక్క చెప్పమంటేనే ఇది ఇక్కడ చెప్తున్నాం.

మరి అమ్మమ్మల మందులన్నీ దండగేనా అని ఆస్పత్రి డాక్టరమ్మను అడిగాం. కాదన్నారు. ఒక్కోదాని గురించి విడమరిచి చెప్పారు.

అన్నిటికంటే గట్టి రుజువు ఉన్నది తేనెకే. జలుబుతో వచ్చే దగ్గుకు అమెరికాలో 2007లో 105 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. పడుకునే ముందు తేనె తాగిన పిల్లలకు, ఏ మందూ వేయని పిల్లల కంటే రాత్రి దగ్గు తగ్గి, నిద్ర బాగా పట్టింది. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఇచ్చింది అర చెంచానే. మన అడవి తేనెను జీసీసీకి అమ్మేసి, సంతలో రంగు సిరప్పు కొనుక్కొస్తున్నాం చూడండి! పసిపిల్లలకు డాక్టరు చెప్పకుండా ఆ సిరప్పులు అసలు పట్టొద్దు. అయితే తేనె కూడా ఏడాది నిండని బిడ్డకు నాకించకూడదు. పుట్టగానే నాలుక మీద తేనె రాసే అలవాటు మనలో ఉంది, అది మానాలి. బొటులిజం అనే జబ్బు వచ్చి బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

అడ్డసరం సంగతి విని మేం ఆశ్చర్యపోయాం. ఆ ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని చూసే బ్రోమ్‌హెక్సిన్ అనే ఇంగ్లీషు మందు తయారు చేశారు. కానీ అది తెమడను పల్చన చేసే మందు. పొడి దగ్గుకు దానితో పెద్ద పని లేదు. ఇంకో ముఖ్యమైన మాట, వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. కడుపుతో ఉన్న కోడళ్లకి అడ్డసరం కషాయం ఇవ్వొద్దు. ఇది అత్తలకే గట్టిగా చెప్తున్నాం.

అల్లం, మిరియం, పసుపు, తులసి గొంతుకు హాయిగానే ఉంటాయి. మనుషుల మీద చేసిన పెద్ద పరీక్షలు మాత్రం వీటికి తక్కువ. అతిమధురం రోజూ నమిలితే బీపీ పెరుగుతుంది. బీపీ అంటే గుర్తొచ్చింది, ఎనలాప్రిల్ లాంటి కొన్ని బీపీ మాత్రలతో కూడా పొడి దగ్గు వస్తుంది. దానికి ఏ ఆకూ పనిచేయదు, డాక్టరును అడిగి మాత్ర మార్పించుకోవాలి. మీ అంతట మీరు మానేయకండి.

ఇక పొయ్యి పొగ, చుట్ట పొగ. అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు. కోప్పడకండి పెద్దమ్మా, ఒక చేత్తో చుట్ట, ఒక చేత్తో కషాయం పట్టుకుంటే ఆ దగ్గు ఎలా పోతుంది?

కషాయం తాగండి, వద్దనం. రెండు వారాలు దాటినా దగ్గు పోకపోతే, పొడి దగ్గయినా సరే, తెమడ పరీక్షకు వెళ్లండి. రక్తం పడినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా రెండు వారాలు కూడా ఆగొద్దు. సర్కారు ఆస్పత్రిలో పరీక్ష, మందులు ఉచితం. మందు వాడినన్నాళ్లు తిండి ఖర్చుకని నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. ఖాతా పుస్తకం లేనివాళ్లకు రాయించే పని మన బుక్‌కీపర్లది.

భోజనాలయ్యాక ఆశా చెల్లెళ్లు తెమడ డబ్బాలతో ఆ చెట్టు కింద కూర్చుంటారు. ఆ అక్క కూడా ఈరోజు వచ్చింది. ఆరు నెలల మందులో నాలుగో నెల నడుస్తోంది. పేర్లు తనే రాస్తానంది.