లెక్క ముందు, జాబితా తరువాత

(ఆలయ వార్షికోత్సవ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల, యువజనుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవ సభలలో ధర్మాన్ని గురించి, సంస్కృతిని గురించి ప్రసంగించడం మనకు పరిపాటి. నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం మాత్రం మన పిల్లల కళాశాల ప్రవేశాలు, వాటికయ్యే వ్యయం. ఇది ధర్మానికి దూరమైన విషయమని నేను భావించను. తన సంపాదనను ఎవరికోసం, ఎంతవరకు, ఏ క్రమంలో వెచ్చించాలో ఆలోచించడం గృహస్థ ధర్మంలో ముఖ్యమైన భాగమే. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న పెద్దలు అమెరికాలో ఉండి ఉంటే, ‘పిల్లవాణ్ణి కాలేజీకి పంపి చూడు’ అని కూడా చేర్చి ఉండేవారు.

ఈ సభలోని తల్లిదండ్రులలో చాలామంది ఈ దేశంలోనే పుట్టినవారు, లేదా పసితనంలో వచ్చి ఇక్కడే చదువుకున్నవారు. 1965 వలస చట్టం తరువాతి దశాబ్దాలలో మీ తల్లిదండ్రులు ఇక్కడికి చేరారు. వారిలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో, ఉస్మానియాలోనో, గుంటూరు, కర్నూలు వైద్య కళాశాలలలోనో చదివినవారు ఎందరో. ఆ ప్రభుత్వ కళాశాలలలో సీటు రావడమే కష్టం. వచ్చిన తరువాత రుసుము స్వల్పం. మార్కులో, ర్యాంకో నిర్ణయం చేసేది. అందువల్ల ‘నువ్వు బాగా చదువు, మిగిలినది మేము చూసుకుంటాం’ అనే మాట వారికి సహజంగా వచ్చింది. ఆ మాట వింటూ పెరిగిన మీరు, దానినే మీ పిల్లలకు చెబుతున్నారు.

ఆ మాటలోని ప్రేమను నేను కాదనను. అయితే ఇక్కడ సీటు రావడం ఒక ప్రశ్న, ఆ సీటుకు చెల్లించగలగడం మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానం విశ్వవిద్యాలయం వసంతకాలంలో చెబుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం అంతకు ఏడాదిన్నర ముందే మన ఇంట్లో సిద్ధమై ఉండాలి. నేను నేడు మీకు విన్నవించదలచినది ఇదొక్కటే: మీ అబ్బాయి, మీ అమ్మాయి దరఖాస్తు చేయవలసిన కళాశాలల జాబితా రాయక ముందే, ఏటా మీరు ఎంత ఇవ్వగలరో ఆ అంకెను వారికి చెప్పండి. డాలర్లలో చెప్పండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఏకాభిప్రాయానికి వచ్చి చెప్పండి.

ఈ అంకెను చెప్పడానికి మనం ఎందుకు జంకుతాము? పిల్లల ఉత్సాహం తగ్గుతుందని ఒక భయం. తండ్రి సంపాదన ఇంతేనా అనుకుంటారేమోనని మరొక సంకోచం. వీటికి మించినది, నలుగురిలో పరువు. ఏప్రిల్ నెలలో ఇదే ఆలయంలో, ప్రసాదం వరుసలో నిలబడిన పిల్లవాణ్ణి మనం అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ వచ్చింది?’ అని. ఆ ప్రశ్నకు గొప్పగా సమాధానం చెప్పుకోవడానికి, పదిహేనేళ్ళు తీర్చవలసిన అప్పుకు ఒక్క వారంలో సంతకాలు చేసిన కుటుంబాలు మన సమాజంలో ఉన్నాయి. ఆ సంతకాన్ని గురించే కొంత వివరంగా చెప్పుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబం తన రాబడిలోనుండి, దాచిన సొమ్ములోనుండి కలిపి ఏటా 30,000 డాలర్లు ఇవ్వగలదు. అమ్మాయికి సీటు వచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, గ్రాంటులన్నీ పోగా ఏటా చెల్లించవలసినది 62,000. లోటు ఏటా 32,000. నాలుగేళ్ళకు 1,28,000 డాలర్లు. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే రుణం మొదటి ఏడు 5,500, రెండవ ఏడు 6,500, ఆ తరువాత ఏటికి 7,500. నాలుగేళ్ళకు కలిపితే 27,000. ఇంకా 1,01,000 మిగిలింది. ఇది తల్లిదండ్రుల మీద పడుతుంది. పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ రుణం ఇదివరలో మొత్తం లోటుకు సరిపడా దొరికేది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుండి కొత్తగా తీసుకునేవారికి ఒక్కొక్క విద్యార్థికి ఏటా 20,000, మొత్తం మీద 65,000 డాలర్లు మాత్రమే లభిస్తాయి. అప్పటికీ మిగిలిన 36,000 ప్రైవేటు బ్యాంకు నుండి, మన హామీ సంతకంతో తేవాలి. పేరెంట్ ప్లస్ వడ్డీ 2025-26 విద్యాసంవత్సరానికి 8.94 శాతం. ఆ రుణం చట్టరీత్యా తల్లిదండ్రులదే. పిల్లలు ఉద్యోగంలో చేరిన తరువాత వారి పేరుకు మార్చే వీలు లేదు. యాభై ఏళ్ళ వయసులో ఆ అప్పు తలకెత్తుకున్నవారు అరవై దాటిన తరువాత కూడా తీరుస్తూనే ఉంటారు. ఆ వయసులో మన వైద్యానికి, మన జీవనానికి స్కాలర్‌షిప్పు ఇచ్చేవారు ఎవరూ ఉండరు. చివరకు ఆ భారం, మనం కాపాడాలనుకున్న పిల్లల మీదే పడుతుంది.

ఇంత చెప్పినంత మాత్రాన ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ మనకు అందనివని అర్థం చేసుకోవద్దు. ప్రకటించిన ధర వేరు, ఒక కుటుంబం నిజంగా చెల్లించే ధర వేరు. ఏటా 90,000 డాలర్లు దాటిన ధర ప్రకటించే సంస్థలలోనే, మధ్యతరగతి కుటుంబాలకు పెద్ద గ్రాంటులు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. ప్రతి కళాశాలా తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌ను ఉంచాలని ఫెడరల్ నిబంధన 2011 నుండి అమలులో ఉంది. ఆదాయపు పన్ను పత్రాలు దగ్గర పెట్టుకుంటే, ఒక్కొక్క కళాశాలకు అరగంటలో ఒక అంచనా వస్తుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేయండి. ఏ ఉపన్యాసమూ నేర్పలేని పాఠం ఆ అరగంట నేర్పుతుంది.

ఇక్కడ ఒక భేదం గ్రహించాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ సంస్థలు ప్రతిభను బట్టి స్కాలర్‌షిప్పులు ఇవ్వవు; కుటుంబ అవసరాన్ని బట్టి మాత్రమే సహాయం చేస్తాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మన ఇళ్ళలో అనేకులకు ఆ సహాయం అందకపోవచ్చు. వాటికన్నా కొంచెం తక్కువ పేరున్న అనేక విశ్వవిద్యాలయాలు మంచి విద్యార్థులను ఆకర్షించడానికి ప్రతిభా స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. జాబితాలో ఈ రెండు రకాలూ ఉండాలి. వాటితో పాటు, మీ అంకెకు లోబడి తప్పక చేరగలిగే కళాశాల ఒకటైనా, పిల్లలు ఇష్టపడేది, ఉండి తీరాలి.

మన జార్జియా రాష్ట్రంలో ఉన్నవారికి మరొక వరం ఉంది. 1993లో ఆరంభమై, లాటరీ ఆదాయంతో నడుస్తున్న హోప్ స్కాలర్‌షిప్పు, హైస్కూలులో 3.0 సగటు సాధించిన రాష్ట్ర విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ట్యూషన్ భారాన్ని తీరుస్తుంది. అంతకన్నా ఉన్నత ప్రతిభకు జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్పు ఉంది. అయితే గది అద్దె, భోజనం, పుస్తకాలు వీటి పరిధిలోకి రావు. కళాశాలలో కూడా సగటును నిలబెట్టుకోవాలి. హైస్కూలులో ఉండగానే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ద్వారా కొన్ని కళాశాల క్రెడిట్లు సంపాదించవచ్చు. రెండేళ్ళు పెరిమీటర్ కాలేజీలో చదివి తరువాత పెద్ద విశ్వవిద్యాలయానికి మారిన విద్యార్థి పట్టాపై ఆ పెద్ద విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. ఈ మార్గాన్ని చిన్నచూపు చూడటం మనం మానుకోవాలి.

ఇక కాలక్రమం. కళాశాలలో చేరే సంవత్సరానికి రెండేళ్ళ ముందటి ఆదాయాన్ని ఫాఫ్సా దరఖాస్తు లెక్కలోకి తీసుకుంటుంది. అంటే పదవ తరగతి రెండవ సగం, పదకొండవ తరగతి మొదటి సగం కలిసిన సంవత్సరం మనకు కీలకం. ఆ ఏడాది షేర్లు అమ్మి పెద్ద లాభం చూపితే, అది లెక్కలో కనిపిస్తుంది. ఫాఫ్సాలో మనం నివసించే ఇంటి విలువను, పదవీ విరమణ నిధులను లెక్కించరు. సీఎస్ఎస్ ప్రొఫైల్ అడిగే ప్రైవేటు సంస్థలలో చాలావరకు ఇంటి విలువను కూడా పరిశీలిస్తాయి. హైదరాబాదులో అద్దెకిచ్చిన ఫ్లాటు, విజయవాడ దగ్గర కొన్న స్థలం ఆస్తులే. వాటిని దాచకుండా చూపాలి. తాతగారు మనుమరాలి పేరిట నేరుగా వేసిన సొమ్ములో 20 శాతాన్ని ఫాఫ్సా లెక్కిస్తుంది. అదే సొమ్ము తల్లిదండ్రుల పేరిట ఉంటే గరిష్ఠంగా 5.64 శాతమే. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కళాశాలలో ఉంటే ఇదివరలో లభించిన వెసులుబాటును 2024-25 నుండి ఫాఫ్సా సూత్రంలో తొలగించారు. కవలలున్నవారు, ఏడాది రెండేళ్ళ తేడాతో పిల్లలున్నవారు ఇది గమనించాలి.

ఎర్లీ డెసిషన్ అనేది కట్టుబడే ఒప్పందం. విద్యార్థితో పాటు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేస్తారు. సీటు ఇస్తే చేరాలి. ఇతర కళాశాలల సహాయాన్ని పోల్చుకునే అవకాశం ఉండదు. సహాయం చాలనప్పుడు విడుదల కోరవచ్చునన్నది నిజమే. కానీ క్యాలిక్యులేటర్ అంచనా మీ అంకెకు లోబడి ఉంటేనే ఆ సంతకం చేయండి. ఎర్లీ యాక్షన్‌కు ఈ కట్టుబాటు లేదు.

ఏప్రిల్‌లో సహాయ పత్రాలు వచ్చినప్పుడు, గ్రాంటు ఏదో, రుణం ఏదో విడదీసి చదవండి. కొన్ని పత్రాలలో రెండూ ఒకే శీర్షిక కింద కనిపిస్తాయి. ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్దల వైద్యానికి భారీగా ఖర్చయినా, ఆధారాలతో కళాశాలకు విన్నపం రాయండి. ఆ పరిస్థితులను పరిశీలించి సహాయాన్ని సవరించే అధికారం వారికి ఉంది. ఇది యాచన కాదు. నియమాలలో ఉన్న మార్గమే. మే 1 లోపల నిర్ణయం చేసుకోవాలి.

వైద్యవిద్య కోరుకునే పిల్లలున్న ఇళ్ళకు ఒక ప్రత్యేక విన్నపం. 2026 జూలై నుండి వైద్య విద్యార్థులకు కొత్తగా లభించే ఫెడరల్ రుణం ఏటా 50,000, మొత్తం 2,00,000 డాలర్లకు పరిమితం. కనుక మొదటి నాలుగేళ్ళలో ఆదా చేసిన ప్రతి డాలరూ తరువాతి నాలుగేళ్ళకు ఆసరా. డిగ్రీ ఎక్కడ చదివారన్న దానికన్నా, అప్పు లేకుండా చదివారా అన్నది వారికి ఎక్కువ మేలు చేయవచ్చు.

చిరంజీవులారా, ఇప్పుడు మీతో రెండు మాటలు. అమ్మానాన్నలు అంకె చెప్పినప్పుడు, అది మీపై ఉన్న నమ్మకానికి కొలత అనుకోవద్దు. ఇంటి సంగతిని మీతో పంచుకునే వయసు మీకు వచ్చిందని వారు గుర్తించారన్న మాట. ప్రశ్నలు అడగండి. తమ్ముడికి, చెల్లికి ఎంత మిగులుతుందో అడగండి. కామన్ యాప్ వ్యాసానికి 650 పదాలే ఉంటాయి. అవి మీ పదాలే కావాలి. తల్లిదండ్రులారా, ఆ వ్యాసాన్ని చదవండి, అక్షరదోషాలు చూపండి, కలం మాత్రం మీరు పట్టుకోకండి. అక్షరాభ్యాసం నాడు వారి చేయి పట్టుకుని దిద్దించాము. ఇప్పుడు ఆ చేయి వదలవలసిన సమయం వచ్చింది.

మన ఆలయానికి వచ్చేవారందరి పరిస్థితి ఒకటి కాదన్నదీ మరువరాదు. హెచ్-4 వీసాపై పెరిగిన పిల్లలు ఇక్కడి బడులలోనే చదివినా, ఫెడరల్ సహాయానికి అర్హులు కారు. ఇరవై ఒకటవ ఏట తల్లిదండ్రుల వీసా నీడ కూడా తొలగిపోతుంది. రాష్ట్ర విద్యార్థుల రుసుము వారికి వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పౌరసత్వంతో పుట్టిన మనం, ఆ కుటుంబాల ముందు మన పిల్లల సీట్ల జాబితా చదివే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి.

అందుచేత ఈ వార్షికోత్సవం నాడు ఆలయ సంఘానికి రెండు సూచనలు చేస్తున్నాను. మొదటిది: ఏటా ఆగస్టులో, కామన్ యాప్ తెరిచిన తరువాత, ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ సభామందిరంలోనే ఫాఫ్సా, సీఎస్ఎస్ ప్రొఫైల్ గురించి తెలిసినవారు తెలియనివారికి చెప్పే కూటమి జరగాలి. కిందటేడు కళాశాలలో చేరిన పిల్లలే అందులో ముఖ్య వక్తలు కావాలి. రెండవది డబ్బు ఖర్చు లేనిది. వచ్చే ఏప్రిల్‌లో ప్రసాదం వరుసలో పిల్లలు కనబడినప్పుడు ‘ఎక్కడ వచ్చింది?’ అని అడగవద్దు. ‘ఏం చదవాలనుకుంటున్నావు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు ప్రతి పిల్లవాడి దగ్గరా, ప్రతి అమ్మాయి దగ్గరా సమాధానం ఉంటుంది. అది విని సంతోషించడానికి మనకు ఏ అప్పూ అవసరం లేదు.

సరస్వతీదేవి కటాక్షం మన పిల్లలందరిపై సమంగా ప్రసరించాలని ప్రార్థిస్తున్నాను. స్వస్తి.