టైపు యంత్రమునకు రిబ్బను



1955లో గోద్రెజ్ సంస్థ మన దేశముననే టైపు యంత్రముల నిర్మాణము నారంభించినది. 2011 నాటికి ఆ నిర్మాణము నిలిచిపోయినది. యంత్రములు మాత్రము కొన్నిచోట్ల నింకను పనిచేయుచున్నవి. వానికి కొరవడునది రిబ్బను. అక్షరము వెలసినంతనే యంత్రమును పాత ఇనుముక్రింద నమ్మివేయుట తొందరపాటు.

పెక్కు యంత్రములకు రిబ్బను వెడల్పు అర అంగుళమే. భేదమంతయు చుట్టలలో నున్నది. కావున పాత చుట్టలను పారవేయరాదు. క్రొత్త రిబ్బను వేరొక చుట్టపై వచ్చినను, దానిని విప్పి పాతచుట్టపై బిగువుగా చుట్టుకొనవచ్చును. చేతులకు సిరా అంటును, దానికి వెరవనక్కరలేదు.

కొన్ని యంత్రములలో రిబ్బను కొసకు చేరువనుండు చిన్న లోహపు కన్ను తగిలినప్పుడే చుట్టలు దిశ మార్చుకొనును. క్రొత్తదానికి అది లేనిచో అమర్చవలెను; లేకున్న రిబ్బను కొసకు వచ్చి బిగిసిపోవును.

పూర్తిగా నల్లనిదైన రిబ్బనుకు సాధారణముగా పైసగమే అరుగును. తలక్రిందులు చేసి ఎక్కించినచో రెండవ సగమును పనికివచ్చును. అదనముగా కొన్నదానిని గాలి చొరని డబ్బాలో దాచవలెను; లేకున్న సిరా ఎండిపోవును.

గజముల కొలది గుడ్డపట్టీ దొరకక మంచి యంత్రము మూలబడరాదు. అది పలికినన్నాళ్లు గ్రంథాలయపు పుస్తకపట్టికయు, పేదవాని అర్జీయు స్పష్టమైన అక్షరములతో వెలువడును.