హద్దు పత్రములో షష్ఠీ విభక్తి



ఆంగ్లమున 'ఇన్' మొదలగు మాటలు నామమునకు ముందు నిలుచును. మనకు వెనుక నిలుచును. 'ఇంటి యజమాని' యన్నను, 'ఇంటి లోపల' యన్నను 'ఇల్లు' అనునది 'ఇంటి'యే యగును. లోన్, లోపలన్ అనువానిని మన వైయాకరణులు 'యొక్క'తోపాటు షష్ఠిలో చేర్చుట ఊరక కాదు. ఇల్లు, ఏఱు, నేయి మారును గాని రామయ్య మారడు. చిక్కంతయు నచ్చటనే.

ఊరి లెక్కలు వ్రాయువాడను గనుక నాకీ చిక్కు హద్దులలో కనబడినది. ఒక పత్రమున 'తూర్పు: రామయ్య తమ్ముని పొలము' అని యుండెను. (పేరు మార్చితిని.) రామయ్యకు తమ్ముడైనవాని పొలమని యొకరు, రామయ్య పొలమును, అమ్మినవాని తమ్ముని పొలమును అని వేరొకరు. ఆంగ్లమున 'రామయ్యాస్ బ్రదర్స్ ఫీల్డ్' అని రెండు చోట్ల గుర్తు పడును. నిజాము కాలమున మన ఓరుగల్లు సీమలో సర్కారు వ్రాతలు నడచిన ఉర్దూలోనైనను 'రామయ్య కే భాయీ కా ఖేత్' అన్న సందేహము లేదు.

'యొక్క' యనిన చెవికి మొరటని పండితులందురు. పద్యమున నేనును వాడను. హద్దు వ్రాయునపుడు విడువను. ఆ పత్రమున నది లేక రెండు ఇండ్లవారు మూడేండ్లు మాటలాడుకొనలేదు.